బొమ్మ ఒకటి చెబుతుంది, నియమం ఇంకొకటి చేయిస్తుంది

వైకుంఠపాళి పటాన్ని పరీక్షగా చూస్తే అందులో ఒక తిరకాసు కనిపిస్తుంది. నిచ్చెనల అడుగున దయ, దానం, భక్తి వంటి గుణాల పేర్లుంటాయి. పాముల తలల దగ్గర అహంకారం, దురాశ, అసూయ వంటివి ఉంటాయి. మంచి చేసినవాడు పైకి పోతాడు, చెడు చేసినవాడు కిందికి జారతాడు అని పటం చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఆడేటప్పుడు దానం చేస్తావా చేయవా అని ఎవరూ ఎవరినీ అడగరు. గవ్వలు ఎంత పడితే అంత. అహంకారం గడిలో పడ్డవాడు అహంకరించిందేమీ లేదు. నాలుగు పడాల్సిన చోట మూడు పడింది, అంతే. పటం మీది రాత ధర్మం గురించి మాట్లాడుతుంటే, ఆట నడిచే తీరు ప్రారబ్ధం గురించి మాట్లాడుతుంది. శివరాత్రి జాగారంలో తెల్లవార్లూ ఆడినవాళ్లకు గుర్తుండేది వైకుంఠం గుమ్మం దాకా వెళ్లి పెద్ద పాము నోట పడడమే. ఏ నిచ్చెనకు ఏ గుణం పేరు పెట్టారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఈ ఆట 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ చేరింది. అక్కడివాళ్లు మన గుణాల పేర్లు తీసేసి పొదుపు, విధేయత, కష్టపడే తత్వం వంటి తమ కాలపు సుగుణాలు రాసుకున్నారు. కొంతకాలానికి అవి కూడా పోయి ఉత్త పాములు, నిచ్చెనలు మిగిలాయి. ఇన్ని పేర్లు మారినా ఆట మాత్రం చెక్కుచెదరలేదు.

వీడియో గేముల మీద మన దగ్గర జరిగే చర్చ చాలావరకు పటం మీది రాత దగ్గరే ఆగిపోతోంది. గేమును సమీక్షించేవారు గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, కథ బాగుందా, సంగీతం ఎలా ఉంది అని సినిమా సమీక్ష పద్ధతిలోనే వరస పెడతారు. గేముల మీద ఆందోళన పడేవారు తెర మీద రక్తం ఎంత కనిపించిందో చూస్తారు. రెండు పక్షాలూ చూస్తున్నది బొమ్మనే. ఆ గేము ఆడేవాడి చేత పదే పదే ఏ పని చేయిస్తోంది, దేనికి బహుమతి ఇస్తోంది, దేనికి జరిమానా వేస్తోంది, అసలు ఏ పనికి వీలే లేకుండా చేసింది అన్న ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. గేము తన అభిప్రాయాన్ని ప్రధానంగా చెప్పేది అక్కడే.

పబ్‌జీ వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన 118 చైనా సంబంధిత యాప్‌లలో అదీ ఒకటి. ఏడాది తిరక్కుండానే, 2021 జులైలో, అదే గేము కొత్త పేరుతో తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఒళ్లు కడుక్కుని వచ్చింది: రక్తం ఆకుపచ్చగా మారింది, చంపడం అనే మాట పోయి దాని చోట మెత్తటి మాట ఒకటి చేరింది, ఇదంతా కల్పిత లోకం సుమా అని మొదట్లోనే ఒక హెచ్చరిక వినిపించింది. మైనర్లకు సమయం మీద, ఖర్చు మీద పరిమితులు పెట్టారు. అవి మాత్రం నిజంగా నియమాల్లో మార్పే, ఒప్పుకోవాలి. మిగతాదంతా రంగుల పని. వంద మందిని ఒక దీవిలో దింపి, చుట్టూ వలయాన్ని క్షణక్షణం కుదించుకుంటూ వచ్చి, ఒకరి మీద ఒకరు పడక తప్పని స్థితి కల్పించే నియమం అలాగే ఉంది. ఎవరి జోలికీ పోకుండా ఒక మూల బతుకుదామంటే ఆ వలయం బతకనివ్వదు. పక్కవాడు మిగిలి ఉంటే నీకు చోటు లేదన్న ఆ లెక్క మీద చర్చ జరిగి ఉంటే అర్థవంతంగా ఉండేది. చర్చ రక్తం రంగు దగ్గర తేలిపోయింది.

నియమాలతో మాట్లాడడం ఎలా ఉంటుందో తెలియాలంటే 2013 ఆగస్టులో వచ్చిన ‘పేపర్స్, ప్లీజ్’ అనే వీడియో గేమును కాస్త దగ్గరగా చూడాలి. లూకస్ పోప్ అనే అమెరికన్ డెవలపర్ జపాన్‌లో ఉంటూ దాదాపు ఒంటిచేత్తో దీన్ని తయారుచేశాడు. అంతకు ముందు అతను భారీ సాహస గేములు తీసే పెద్ద స్టూడియోలో పనిచేశాడు. ఇందులో సాహసం ఏమీ లేదు. 1982 నవంబరు. ఆర్‌స్టోట్స్కా అనే కల్పిత కమ్యూనిస్టు దేశం, పక్క దేశంతో ఆరేళ్ల యుద్ధం ముగిశాక సరిహద్దు తెరుస్తుంది. లాటరీలో పేరు వచ్చినందుకు ఒక సామాన్యుడికి ఆ సరిహద్దు గదిలో తనిఖీ ఉద్యోగం దొరుకుతుంది. ఆడేవారు చేసేదల్లా కాగితాలు చూడడం. ఫొటోలో ముఖమూ ఎదుటి ముఖమూ ఒకటేనా, గడువు తీరిందా, జారీ చేసిన ఊరి పేరు జాబితాలో ఉందా, ముద్ర అసలుదేనా అని చూసి పచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేసి పంపాలి.

బల్ల చాలా చిన్నది. మొదటి రోజు పాస్‌పోర్టు ఒక్కటే కాబట్టి సరిపోతుంది. ఆ తర్వాత ప్రవేశ అనుమతి పత్రం, గుర్తింపు కార్డు, పని అనుమతి, ఇలా రోజుకో కాగితం చేరుతూ పోతుంది. ఒకదాని మీద ఒకటి పడి, కావలసిన తేదీ ఏదో కాగితం కింద దాక్కుంటుంది. గడియారం నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా తేల్చిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్ల జీతం. సాయంత్రానికి ఆ డబ్బులోంచే అద్దె, తిండి, వెచ్చదనం. ఎవరికైనా జబ్బు చేస్తే మందు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య ఉన్నారని గేము చెబుతుంది. వాళ్ల ముఖాలు కూడా సరిగా చూపదు. రాత్రి లెక్కల కాగితంలో నాలుగు వరసలుగా మాత్రమే వాళ్లు ఉంటారు: బాగున్నారు, ఆకలితో ఉన్నారు, చలికి వణుకుతున్నారు, జబ్బుతో ఉన్నారు.

ఈ పరిస్థితిలో ఒక రోజు ఒకతను వస్తాడు. కాగితాలన్నీ సక్రమం. పచ్చ ముద్ర పడ్డాక, వెనకే తన భార్య వస్తోందని, ఆమె పట్ల కాస్త దయగా ఉండమని చెప్పి వెళ్తాడు. ఆమె దగ్గర పాస్‌పోర్టు ఉంటుంది, ప్రవేశ అనుమతి ఉండదు. వెనక్కి వెళ్తే చంపేస్తారంటుంది. గేము ఇక్కడ సంగీతం మార్చదు, పెద్ద అక్షరాలతో రెండు ఎంపికలు చూపదు. ఎప్పుడూ ఉండే ఆ రెండు ముద్రలే ఉంటాయి. పచ్చ ముద్ర వేస్తే కాసేపటికి ఒక యంత్రం గరగరమంటూ తప్పు చేశావన్న చీటీ ముద్రిస్తుంది.

అసలు పనితనం ఆ చీటీలో ఉంది. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికే, జరిమానా ఉండదు. మూడోదాని నుంచి జీతంలో కోత పడుతుంది. పైకి ఇది ఆడేవారికి ఇచ్చిన చిన్న వెసులుబాటులా కనిపిస్తుంది. కొన్ని రోజులు ఆడేసరికి దాని అర్థమే మారిపోతుంది. ఉదయం నుంచి తప్పు దొర్లకుండా జాగ్రత్తగా పనిచేసినవారి దగ్గర మధ్యాహ్నానికి రెండు తప్పులు మిగిలి ఉంటాయి. వాటిని ఎవరైనా నిస్సహాయుల కోసం ఖర్చు పెట్టొచ్చు. పొద్దున్నే పరధ్యానంలో రెండు పొరపాట్లు చేసినవారికి ఆ తర్వాత జాలిపడే స్తోమత ఉండదు. జాలి అనేది మనసుకు సంబంధించిన విషయంగా మిగలదు. పొరపాట్ల ఖాతాలో ఒక పద్దుగా మారుతుంది. ప్రభుత్వ యంత్రాంగంలో దయ ఎలా పనిచేస్తుందో, ఎందుకు ఒకరికి దొరికి ఇంకొకరికి దొరకదో ఇంత సూటిగా చెప్పిన రచన ఏ మాధ్యమంలోనైనా అరుదు. అదీ ఒక్క వాక్యం కూడా చెప్పకుండా, ఒక జరిమానా నియమంతో.

దీనికి తోడు ఇంకొన్ని ఉన్నాయి. బరువులో తేడా వచ్చినా, కాగితంలో స్త్రీ అని ఉండి ఎదుట మరోలా కనిపించినా మనిషిని నగ్నంగా స్కాన్ చేయడానికి ఒక మీట ఉంటుంది. ఒక దాడి జరిగాక ఫలానా దేశం వాళ్లందరినీ అలా స్కాన్ చేయమని ఆదేశం వస్తుంది. మొదటిసారి మీట నొక్కడానికి వేలు సంకోచిస్తుంది. పదోసారికి అది సమయం తినే పని మాత్రమే. కాపలా సిపాయి ఒకడు చెవిలో ఊదుతాడు, నువ్వు ఎంత మందిని నిర్బంధానికి పంపితే నాకు అంత బోనసు, అందులో నీకూ వాటా అని. ఆ రోజు నుంచి కాగితంలో దొరికిన ప్రతి తప్పూ కాస్త అందంగా కనిపించడం మొదలవుతుంది.

వీసా కౌంటరుకు అవతలి వైపు నిలబడడం తెలుగువారికి కొత్త కాదు. ఇంటర్వ్యూ ముందు చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి, కోరిక తీరితే నూట ఎనిమిది చేస్తామని మొక్కుకుని వచ్చేవారికి ఆ గాజు పలక వెనక కూర్చున్న మనిషి ఒక అంతుపట్టని దైవం లాంటివాడు. ఎందుకు ఇచ్చాడో తెలియదు, ఎందుకు ఇవ్వలేదో తెలియదు. ఈ గేము ఆ మనిషిని గాజు పలక వెనకనుంచి చూపిస్తుంది. అక్కడ దైవమూ లేదు, దుర్మార్గుడూ లేడు. గడియారం ఉంది, అద్దె ఉంది, రోజుకు రెండు తప్పుల కోటా ఉంది. ఆ మనిషి మీద కోపం తగ్గుతుందా అంటే, తగ్గకపోవచ్చు. కోపం ఎవరి మీద పడాలో మాత్రం మరోసారి ఆలోచించాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. నియమమే అంతా అయితే ఇదే గేమును పార్శిల్ ఆఫీసులో పెట్టెలు తనిఖీ చేసే గేముగా మార్చినా అంతే బలంగా ఉండాలి కదా? ఉండదు. పెట్టెకు భార్య ఉండదు. బొమ్మ, మాట, ముఖం అనవసరమని చెప్పడం అతి. ఆటకు కథ ముఖ్యమా నియమం ముఖ్యమా అని ఈ శతాబ్దం మొదట్లో విశ్వవిద్యాలయాల్లో పెద్ద వాగ్వాదమే నడిచింది. రెండు శిబిరాలూ చివరికి అలసిపోయాయి తప్ప ఎవరూ గెలవలేదు. విమర్శకు పనికొచ్చే ప్రశ్న వేరు: బొమ్మ చెప్పేదీ నియమం చేయించేదీ ఒకదానికొకటి తోడు నిలుస్తున్నాయా, లేక వైకుంఠపాళిలో లాగా ఒకటి అటు లాగితే ఇంకొకటి ఇటు లాగుతోందా?

ఆ రెండింటినీ విడదీసి చూపిన ప్రయోగం వందేళ్ల కిందటే జరిగింది. ఎలిజబెత్ మ్యాగీ అనే అమెరికన్ మహిళ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే బల్ల ఆటకు పేటెంట్ పొందింది. భూమి మీద వచ్చే కౌలు, అద్దె సొంతదారుడి కష్టఫలం కాదని, అది సమాజానికే చెందాలని వాదించిన హెన్రీ జార్జ్ అనుయాయి ఆమె. ఆ వాదాన్ని కరపత్రంగా వేయకుండా ఆటగా చేసింది. కాలక్రమంలో దానికి రెండు రకాల నియమాలు ఏర్పడ్డాయి. ఒక పద్ధతిలో స్థలాలు కొని అద్దెలు గుంజి అవతలివాళ్లను దివాలా తీయించినవాడు గెలుస్తాడు. రెండో పద్ధతిలో స్థలం అద్దె ప్రజా ఖజానాకు వెళ్తుంది. అందరికన్నా తక్కువ డబ్బున్నవాడి సొమ్ము రెట్టింపైతే అందరూ గెలిచినట్టు. బల్ల అదే, గడులు అవే, నోట్లూ అవే. నియమం మారేసరికి అదే ఆట నేర్పే ఆర్థిక శాస్త్రం తలకిందులైంది.

ఆ తర్వాత జరిగింది తెలిసిందే. ఆట చేతులు మారుతూ ఊరూరా తిరిగి, 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ద్వారా ‘మోనోపలీ’గా బజారుకెక్కింది. సృష్టికర్తగా చార్లెస్ డారో అనే నిరుద్యోగి పేరు ప్రచారమైంది. మ్యాగీ పేటెంటును కంపెనీ 500 డాలర్లకు కొనేసింది. దివాలా తీయించే నియమాలు మిగిలాయి, ఖజానా నియమాలు మాయమయ్యాయి. భూస్వామ్యం ఎంత అన్యాయమో చూపడానికి తయారైన సగం ఆట, రెండో సగం తెగిపోయేసరికి భూస్వామి కావడంలోని మజాను నేర్పే ఆట అయింది. మన ఇళ్లలో వేసవి సెలవుల్లో ‘బిజినెస్’ పేరుతో ఆడింది దాని వంశమే.

నియమం ఎంత బలమైన వాదనో దాన్ని వాదనగా గుర్తించడం అంత కష్టం. 1989లో మ్యాక్సిస్ సంస్థ నుంచి విల్ రైట్ రూపొందించిన ‘సిమ్‌సిటీ’ అనే నగర నిర్మాణ గేము వచ్చినప్పుడు అది నగరం ఎలా పనిచేస్తుందో నేర్పే తటస్థ బొమ్మలా కనిపించింది. బడుల్లో వాడారు కూడా. దాని వెనక ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో ప్రతిపాదించిన నగర నమూనా ప్రభావం ఉంది. పేదలకు చవక ఇళ్లు కట్టించే పథకాలు నగరానికి మేలు కన్నా కీడే చేస్తాయని తేల్చి అప్పట్లోనే వివాదాస్పదమైన నమూనా అది. పన్ను పెంచితే జనం వెళ్లిపోతారన్న సూత్రం గేములో గురుత్వాకర్షణ లాగా పనిచేస్తుంది. అది ఒక ఆర్థిక సిద్ధాంతమని, దానికి వేరే వాదనలు ఉన్నాయని గేము ఎక్కడా చెప్పదు.

అంతకన్నా పెద్ద విషయం గేములో లేనివాటిలో ఉంది. ‘సిమ్‌సిటీ’లో నేల ఖాళీగా ఉంటుంది. దానికి పట్టాదారు లేడు, కౌలుదారు లేడు, సరిహద్దు తగాదా లేదు, కోర్టు స్టే లేదు. మేయరు ఇళ్ల మీదికి బుల్‌డోజర్ పంపితే అడ్డం పడుకునేవారు ఉండరు. అమరావతి కోసం భూసమీకరణలో రైతులు సుమారు 33 వేల ఎకరాలు ఇవ్వడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన దీక్షలు, పాదయాత్రలు, వ్యాజ్యాలు చూసినవారికి ఆ ఖాళీ పచ్చిక తెర ఎంత పెద్ద అబద్ధమో వెంటనే తెలుస్తుంది. నగర నిర్మాణంలో అన్నిటికన్నా కష్టమైన భాగాన్ని గేము మొదటి క్షణంలోనే తుడిచేసింది. 2013 నాటి కొత్త రూపంలో కార్ల పార్కింగు స్థలాలను కూడా తగ్గించేశారు. నిజమైన కొలతల్లో పెడితే ఊరంతా పార్కింగే కనిపించి గేము విసుగొస్తుందని రూపకర్త ఒక ఇంటర్వ్యూలో వివరించాడు. గేము కోసం చేసిన ఆ సవరణే అమెరికా నగరాల మీద గట్టి విమర్శ. ఆ సంగతి ఇంటర్వ్యూ చదివినవారికి తెలిసింది, గేము ఆడినవారికి తెలియలేదు.

ఆడేవారు నియమాలకు బానిసలేమీ కారు. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి ‘సిమ్‌సిటీ 3000’ లెక్కలను కాగితం మీద కూలంకషంగా కట్టి, 60 లక్షల జనాభాతో మ్యాగ్నశాంతి అనే నగరం నిర్మించాడు. రోడ్లు లేవు, భూగర్భ రైళ్లే. నేరాలు లేవు, రద్దీ లేదు. ఎవరూ ఎక్కడికీ పోరు, చాలామంది ముసలితనం చూడకుండానే పోతారు. గేము లెక్క ప్రకారం అది పరిపూర్ణ విజయం. గేము దేన్ని విజయం అంటోందో చూడండి అని చెప్పడానికే అతను గెలిచి చూపించాడు. ‘సిమ్‌సిటీ’ మీద వచ్చిన మంచి విమర్శల్లో ఇదొకటి. అది వ్యాసం రూపంలో లేకపోయినంత మాత్రాన విమర్శ కాకుండా పోదు.

ఊరి గేము ఇలా ఉంటే వ్యవసాయం గేము సంగతి ఇంకా విచిత్రం. 2009లో ఫేస్‌బుక్ మీద మొదలైన ‘ఫామ్‌విల్’ను మరుసటి ఏడాదికి నెలకు 8 కోట్ల మందికి పైగా ఆడారు. ముద్దొచ్చే ఆవులు, ఎర్రటి టమాటాలు, పచ్చటి మడులు. అందులో కరవు లేదు, నకిలీ విత్తనం లేదు, వడ్డీ వ్యాపారి లేడు, పంట యార్డుకు చేరేసరికి ధర పడిపోవడం లేదు. పంట పోవడానికి ఒకే ఒక్క కారణం ఉంది: చెప్పిన వేళకు తిరిగొచ్చి కోయకపోవడం. అంటే ఆ లోకంలో నష్టపోయిన రైతు తప్పనిసరిగా సోమరి. మిర్చి రైతు ఎవరైనా ఆ నియమం వింటే నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి. అయితే ‘ఫామ్‌విల్’ రైతుల గురించి ఏదో చెప్పదలచుకుని ఆ నియమం పెట్టలేదు. మనిషిని గంట కొట్టినట్టు మళ్లీ మళ్లీ తెర దగ్గరికి రప్పించడానికి పెట్టింది. వ్యవసాయం దానికి వేసిన బొమ్మ.

ఇదే విషయాన్ని బట్టబయలు చేయడానికి జార్జియా టెక్‌లో ఆచార్యుడిగా ఉన్న ఇయాన్ బొగోస్ట్ 2010లో ఒక వెక్కిరింత గేము చేశాడు. ‘కౌ క్లికర్’లో ఒక ఆవు ఉంటుంది. ఆరు గంటలకోసారి దాన్ని నొక్కొచ్చు. నొక్కితే అంబా అంటుంది, లెక్కలో ఒకటి పెరుగుతుంది. అంతే గేము. డబ్బు కడితే ఆరు గంటలు ఆగనక్కర లేదు. డబ్బు పెట్టి వేరే ఆవులు కొనుక్కోవచ్చు. వాటిలో ఒకటి మొదటి ఆవే, ముఖం ఇటు కాకుండా అటు తిరిగి ఉంటుంది. జనం చూసి నవ్వుకుని వెళ్లిపోతారని అనుకున్నాడు. వేలాది మంది వచ్చి చేరారు, కొందరు నిజంగానే డబ్బు కట్టారు. నియమాలు మనుషుల్ని ఎలా పట్టి ఉంచుతాయో వాటి మీద పరిశోధన చేసినవాడికే ఊపిరాడలేదు. 2011లో ఆవులన్నిటినీ మాయం చేశాడు. ఆవు నిలబడ్డ చోట నేల మీద నీడ లాంటి ఖాళీ మిగిలింది. కొందరు ఆ ఖాళీని కూడా నొక్కుతూ పోయారు. వెక్కిరింపుకు ఒక హద్దు ఉందని బొగోస్ట్ అనుభవం చెబుతుంది: ఎగతాళి బొమ్మలో ఉంటే, నియమం మాత్రం సవ్యంగా తన పని తాను చేసుకుపోతుంది.

మన దేశంలో ‘మన గేములు’ రావాలన్న మాట ఈ పదేళ్లలో తరచుగా వినిపిస్తోంది. పుణెలోని నాడింగ్ హెడ్స్ సంస్థ 2020లో తెచ్చిన ‘రాజీ’ ఆ దిశలో నిజాయతీ గల ప్రయత్నం. రాజస్థానీ కోటలు, కుడ్యచిత్రాలు, నీడబొమ్మల తరహాలో సాగే కథ, దుర్గ ఇచ్చిన త్రిశూలం. కళాకారుల చేతి పని ప్రతి గోడ మీదా కనిపిస్తుంది. అయితే వేళ్లు చేసే పని మాత్రం గోడలెక్కడం, దూకడం, గుంపుగా వచ్చిన రాక్షసుల్ని చంపి తర్వాతి గుమ్మం తెరుచుకోవడం. పాశ్చాత్య సాహస గేములు ముప్పై ఏళ్లుగా చేయిస్తున్న పనే అది. ఆ సంస్థను తప్పుపట్టాల్సిన పని లేదు. పరిమిత వనరులతో తొలి గేము తీసేవారు అన్నీ కొత్తగా కనిపెట్టలేరు. దేశీయత అంటే చీరకట్టు, కోట బురుజు, శ్లోకం అని సరిపెట్టుకునే ధోరణి మాత్రం ఆలోచించదగ్గది. వామనగుంటలు, పులి-మేక, అష్టాచెమ్మా వంటి ఆటలు పంచుకోవడం గురించి, బలహీనులు గుంపుగా బలవంతుణ్ణి కట్టడి చేయడం గురించి నియమాలతోనే మాట్లాడతాయి. పులి-మేకలో మేకలు ఒక్కటీ పులిని చంపలేవు, దారులన్నీ మూసి కదలకుండా చేస్తేనే గెలుపు. ఇలాంటి నియమం మీద నిలబడ్డ పెద్ద వీడియో గేము ఎవరైనా తీస్తే, అందులో ఒక్క గోపురం కనిపించకపోయినా అది మన గేమే.

తెలుగు నేల మీద ఆట నియమాల గురించి జరిగిన అతి లోతైన చర్చ విమర్శకుల మధ్య జరగలేదు, న్యాయస్థానంలో జరిగింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1960ల చివర్లో వచ్చిన ఆ తీర్పు రమ్మీని మూడు ముక్కలాటతో పోల్చలేమంది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అంది. న్యాయమూర్తులు ఇక్కడ చేసింది, ఒక విధంగా, ఆటను దాని నియమాల ద్వారా చదవడమే. అర్ధ శతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు అదే తీర్పును కవచంగా తొడుక్కుని దేశమంతా వ్యాపించాయి.

ముక్కల వరకు వాళ్ల వాదన సరైనదే. పదమూడు ముక్కలు, జోకర్లు, సీక్వెన్సు, షో. క్లబ్బులో ఉన్న నియమాలే ఫోనులోనూ ఉన్నాయి. తేడా అంతా ముక్కలకు బయట ఉంది. క్లబ్బు రాత్రికి మూసేస్తారు. బల్ల చుట్టూ కూర్చున్నవారు ముఖపరిచయం ఉన్నవారు. జీతం మొత్తం పోగొట్టుకుంటున్నవాణ్ణి చూసి ఇక లేవరా అనేవాడు ఒకడైనా ఉంటాడు. ఆట ఆటకూ మధ్య ముక్కలు కలపాలి, పంచాలి, టీ రావాలి. ఫోనులో ఆ ఖాళీ ఉండేది కాదు. ఓడిన క్షణంలోనే ఇంకో బల్ల సిద్ధంగా ఉండేది, అర్ధరాత్రి రెండింటికైనా అవతల నలుగురు ఉండేవారు, వాళ్లెవరో ఎప్పటికీ తెలిసేది కాదు. ఎవరు గెలిచినా ఓడినా ప్రతి పందెంలో కొంత సొమ్ము కంపెనీకి చేరేది. ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అని ముక్కల్నే చూస్తూ కూర్చుంటే ఇవేవీ కంటికి ఆనవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. కంపెనీలు మళ్లీ నైపుణ్యం వాదనతోనే పోరాడాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ ప్రశ్ననే పక్కన పెట్టి, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టి నిషేధించింది. పెద్దవాళ్లు ఇష్టపడి ఆడే ఆటను రాజ్యం ఇలా మొత్తానికే మూసేయవచ్చా అన్నది న్యాయమైన వాదనే.

ఆ పాత సికింద్రాబాద్ తీర్పులోనే ఇంకో మాట ఉంది. పందెం కట్టి ఆడే రమ్మీ నుంచి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే మాత్రం నేరం నిలబడవచ్చని న్యాయమూర్తులు స్పష్టంగానే రాశారు. ఆటలో గెలిచే నియమాలతో పాటు, ఆట నడిపేవాడికి ముట్టే వాటా కూడా ఆ ఆటకు నియమమేనని వాళ్లు అప్పుడే గుర్తించారు. నైపుణ్యం గురించిన వాక్యాలను కంపెనీలు తమ ప్రకటనల్లో ఏళ్ల తరబడి వాడుకున్నాయి. ఆ పక్క పేరాలోని ఈ మాట మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించలేదు.